అవయవ రూపకం: నొప్పి ఎవరిది?

సమాజాన్ని శరీరంగా చెప్పే రూపకంలో ఒక నైతిక హామీ ఇమిడి ఉంది. ప్రాణం ఒక్కటే గనుక పాదంలో ముల్లు దిగితే కంట నీరు వస్తుందన్నది ఆ హామీ. కావ్యంలోనూ చిత్రంలోనూ అది ఎంతవరకు నిలిచిందో పరిశీలించవలసి ఉంది.

ఋగ్వేదంలోని పురుషసూక్తం (10.90) బ్రాహ్మణుని ముఖంగా, రాజన్యుని బాహువులుగా, వైశ్యుని తొడలుగా చెబుతుంది. ఈ మూడు చోట్లా వర్ణానికీ అవయవానికీ అభేదమే. నాలుగవ చోట మాత్రం పంచమీ విభక్తి వస్తుంది. శూద్రుడు పాదాలు కాడు, పాదాల నుండి పుట్టినవాడు. ఆలంకారికుల లెక్కలో ఇది రూపకమే కాదు. భూమి కూడా ఆ పాదాల నుండే పుట్టిందని సూక్తమే చెబుతున్నది గనుక ఇందులో న్యూనత లేదని సమర్థించేవారున్నారు. అయితే భూమికి దక్కిన పూజ ఆ మనిషికి దక్కలేదు.

రోమ్‌లో క్రీ.పూ. 494లో సామాన్యులు నగరం విడిచి వెళ్లినప్పుడు, మెనీనియస్ అగ్రిప్పా పొట్టపై అలిగిన అవయవాల కథ చెప్పి వారిని శాంతింపజేశాడని లివీ రాశాడు. కథకు వచ్చినంత ప్రసిద్ధి ఆ తరువాతి ఒప్పందానికి రాలేదు. సామాన్యుల పక్షాన ట్రిబ్యూన్లు ఏర్పడ్డారు; వారి దేహంపై ఎవరూ చేయి వేయరాదని నిర్ణయమైంది. కథలోని శరీరం వారికి చాలలేదన్నమాట.

జాషువ 'గబ్బిలం' (1941) కథానాయకునికి పురుషుని శరీరంలో అసలు చోటే లేదు. కవి ఆ శరీరానికి ఐదవ అవయవాన్ని చేర్చి సరిదిద్దలేదు, శరీరాన్నే మార్చివేశాడు. నాలుగు వర్ణాలు నాలుగు పడగలయ్యాయి. అతని గాలి సోకితేనే ఆ సర్పం బుసకొడుతుంది. పాదం బాధ తలకు తెలియకపోవడం కాదిది; తలలన్నీ ఒక్క మనిషిపై లేవడం.

అవయవాల క్రమాన్నే వదిలి గాయాన్ని మాత్రమే చూపితే? 1943 బెంగాల్ కరవును కళ్లారా చూసి చిత్రించిన సోమనాథ్ హోర్ 1970లలో 'గాయాలు' శ్రేణిలో చేసినది అదే. మట్టి పలకను కత్తితో కోసి, కాల్చిన కడ్డీతో పొడిచి, దాని నుండి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జును అదిమాడు. తెల్లని కాగితంపై తెల్లని గాటు. తల లేదు, పాదం లేదు. నొప్పికి వర్ణం అంటని చోటు ఇది. కానీ గాయపడినవాని పేరుతో పాటు గాయపరచినవాని పేరూ ఇక్కడ చెరిగిపోయింది. జాషువ ఆ పేరును చెరగనివ్వలేదు. హోర్ గాటు దగ్గర నిలిచిన ప్రేక్షకునికి కనిపించేది అంచున పడిన సన్నని నీడ మాత్రమే.