జీడి పిక్కకు కర్త ఎవరు?

కవిటి తోటలో రాలిన జీడి పిక్క పలాసలో పప్పై డబ్బాలో పడేలోగా ఎన్నో చేతులు మారుతుంది. రైతు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. పరిశ్రమలో దాన్ని ఉడికించి, ఆరబెట్టి, కట్టర్ మీద చీల్చి, వేడి పట్టించి, పొట్టు తీసి, గ్రేడు చేస్తారు. ఇలాంటి పనిని బొమ్మగా గీయడానికి బీపీఎంఎన్ అనే ప్రమాణం ఉంది, దాని 2.0 రూపం 2011లో వచ్చింది. అందులో అంతర్గత ప్రక్రియ అంటే సంస్థ లోపలి అడుగులన్నీ. బహిరంగ ప్రక్రియలో బయటివారితో ముడిపడినవే కనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనిని సహకారంగా గీస్తే, ఒక్కొక్కరికి ఒక గడి ఉంటుంది; ఒకరి గడిలోంచి మరొకరి గడిలోకి సందేశాలు మాత్రమే దాటాలి, పని వరుస దాటకూడదు. అవతలివారి గడిని ఖాళీగా వదిలేసినా తప్పు లేదు. గీతకు తప్పు లేదు సరే, ధర్మానికో? ముంబై వ్యాపారి పరిశ్రమకు పంపే సందేశం ఆర్డరు. అందులో ‘డబ్ల్యూ 320’ అని ఉంటుంది, అంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు. పప్పుల లెక్క అంత కచ్చితం. పెంకు నూనె తగిలి చర్మం ఊడిన ఆడకూలీ వేళ్ల సంగతి మాత్రం ఆ కాగితంలో ఉండదు.

చేసినవాడికి, చేయించినవాడికి, ప్రేరేపించినవాడికి, ఒప్పుకున్నవాడికి ఫలంలో సమానంగా వాటా ఉందని మన పెద్దల మాట. అంటే ఖాళీ గడి కర్మకు అడ్డుగోడ కాదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పి, కర్తను అందులో ఒకటిగానే లెక్కపెట్టింది కదా, ఇక ఎవరిని తప్పుపడతామని అడగవచ్చు. ఆ మాట ‘నేనొక్కడినే చేశాను’ అనే గర్వాన్ని దించడానికి వచ్చింది. బాధ్యత దులుపుకోవడానికి దాన్ని వాడుకోవడం తెలివితేటలే తప్ప వేదాంతం కాదు. అవతలి గడిలో వేలు పెట్టే హక్కు కొనేవాడికి లేదు కదా అన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. నిజమే, లేదు. కానీ ధర, గడువు, షరతు అతను పంపే సందేశాలే. చేతి తొడుగులకు కూడా మిగలని ధర పంపినవాడు లోపలి పనిని బయటినుంచే నిర్ణయించినట్టు. అయితే ‘సమానంగా’ అన్నదగ్గర పెద్దలతో నాకు పేచీ ఉంది: పండక్కి పావుకిలో కొన్న ఇల్లాలికీ, ధర కట్టిన వ్యాపారికీ ఒకే వాటా అంటే న్యాయం కాదు. సందేశాన్ని మార్చగల శక్తి ఎంతో, వాటా అంత. ఆ లెక్కన పెద్ద వాటా టోకు కొనుగోలుదారుదే. ఆర్డరులో గ్రేడు పక్కన తొడుగుల ఖర్చు కూడా రాయవలసింది అతనే.