ఐదు రూపాయల టికెట్టు

రైలు కులాన్ని పోగొడుతుందని 1853లోనే మార్క్స్ రాసిండు. రైలొస్తే దాని వెంట కొత్త పరిశ్రమలొస్తాయి, పరిశ్రమలొస్తే తాతలనాటి పనుల పంపకం చెదిరిపోతుంది, ఆ పంపకం మీద నిలబడ్డ కులం కూలుతుంది - ఇదీ ఆయన లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని నేననను. సగం దూరం వచ్చి స్టేషన్ల ఆగిపోయిందంటాను.

ఎక్కడ ఆగిందో అంబేడ్కర్ చెప్పిండు. 1901లో చిన్న పిల్లగాడిగా ఉన్నప్పుడు తండ్రిని చూడటానికి సతారా నుంచి రైలెక్కి మసూర్ స్టేషన్ల దిగిండు. రైలు ఆయన్ని ఏమీ అడగలేదు. మంచి బట్టలేసుకున్న పిల్లలు దిక్కుతోచక నిలబడ్డరని దగ్గరికొచ్చి పలకరించిన స్టేషన్ మాస్టరు, మహర్లమని చెప్పగానే ముఖం మార్చుకొని వెనక్కి జరిగిండు. బండ్లోళ్ళెవ్వరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకొని పోవలసి వచ్చింది. రైలు మోస్తది, ప్లాట్‌ఫారం అడుగుతది. మా ఇంట్ల మూడు తరాల అనుభవం కూడా ఇదే.

మా నాయిన రైల్వేల గ్యాంగుమ్యాను. మాది శంకర్‌పల్లి అవతల ఒక ఊరు. ఊరికి ఇవతల వాడ, వాడకు ఇవతల పట్టాలు. ఊర్ల చాయ్ హోటల్ల నాయిన గ్లాసు వేరే ఉండేది, తాగినంక కడిగి బోర్లించి పోవాలె. గంట అయినంక అదే నాయిన ఎర్రజెండా పట్టుకొని పట్టాల మధ్య నిలబడితే, ఊరి పటేలు కూసున్న బండి గూడ ఆగవలసిందే. చిన్నప్పుడు నాకు రైలంటే ఇదే: మా నాయిన ఆపితే ఆగేది.

అమ్మది ఇంకో రైలు. సీతాఫలాల కాలంల గంప నెత్తిన పెట్టుకొని వికారాబాద్ దిక్కు నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కేది. కిటికీలకు పాల క్యాన్లు వేలాడుతుండేవి. లోపల కాలు పెట్ట సందు ఉండకపోయేది. ఊర్ల మా వాకిట్లకు రాని ఆడోళ్ళు ఆ డబ్బాల మా అమ్మ భుజానికి భుజం ఆనించి లింగంపల్లి దాకా వచ్చేవాళ్ళు. ప్రేమతోటి కాదు, జరుగుదామంటే చోటు లేక. శంకర్‌పల్లిల దిగినంక మళ్ళీ ఎవరి దూరం వాళ్ళది. చోటు లేకపోవడమే మాకు దొరికిన సమానత్వం. నవ్వకండి, దాని విలువ తక్కువ కాదు. ఎవరైనా మనసు మార్చుకునేదాకా మేం ఆగలేదు, ఇరుకు మాకు ఆ పని చేసి పెట్టింది.

2020 మార్చిల కరోనా వచ్చి ఆ ఇరుకే విషమని చెప్పింది.

'సామాజిక దూరం' అనే మాట ఆ నెలల టీవీల మోగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 20 నాటికే 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది గానీ మన దగ్గర పాత మాటే చాలా రోజులు నడిచింది. వాడల పుట్టినోళ్ళకు ఆ మాట వింటే ఒళ్ళు జలదరించింది. మా మిత్రులు కొందరు రెండు దూరాలూ ఒక్కటేనని కవితలు రాసిన్రు. నేను ఒప్పుకోను. రోగం దూరంల ఇద్దరూ వెనక్కి జరుగుతరు. ఇద్దరి మూతికీ గుడ్డ ఉంటది. అది ఒకనాడు ముగుస్తది. కులం దూరంల ఒక్కడే జరగాలె, దానికి టీకా రాలేదు. అందుకే మాస్కు పెట్టుకోమన్నోడి మీద నాకు కోపం లేదు, గుంపుల నుంచి రోగం పాకుతదన్నది అబద్ధమూ కాదు. నా ప్రశ్న వేరే. దూరంగా ఉండే వసతి ఎవరికిచ్చిన్రు? దగ్గరికి పోయే పని ఎవరికి పెట్టిన్రు?

మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, బోరబండల ఉంటది. సికింద్రాబాద్ దిక్కు ఒక ఆసుపత్రిల కాంట్రాక్టు మీద వార్డులు ఊడ్చి తుడుస్తది. ఎంఎంటీఎస్ ఉన్నన్నాళ్ళు ఆమెకు ఆ ఉద్యోగం కుదిరింది. 2003 ఆగస్టుల మొదలైన బండి అది, కనీస టికెట్టు ఐదు రూపాయలు. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి దాకా ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్ళు, తాపీ మేస్త్రీలు, వాచ్‌మెన్లు, కాలేజీ పిల్లలు, చిన్న గుమస్తాలు దాని మీదనే బతికిన్రు. అక్కకు అరగంట ప్రయాణం. పొద్దటి షిఫ్టుకు ఆరింటి లోపల చేరేది. బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్, బేగంపేట - స్టేషన్ల పేర్లు ఆమెకు చదువు రాకున్నా వరసగా వస్తయి. ప్రతి స్టేషన్ల ఎక్కే మనిషి తెలుసు. ఎవరి బిడ్డకు సంబంధం చూస్తున్నరో, ఎవరి మొగుడు పైసలియ్యడో తెలుసు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ పెట్టిన్రు, దాంతోటే బండ్లన్నీ బందయినయి. ఆ సాయంత్రం అయిదింటికి జనం మిద్దెలెక్కి పళ్ళాలు కొట్టిన్రు. తెల్లారి అక్క డ్యూటీకి పోవాలె. ఆసుపత్రి అత్యవసరం, ఊడ్చే పని అత్యవసరం. స్టాఫు కోసం బస్సు పెట్టిన్రు, కానీ అది రెగ్యులరోళ్ళకేనని, కాంట్రాక్టోళ్ళు తమ తిప్పలు తామే పడాలని సూపర్‌వైజరు చెప్పిండు.

"ఎట్ల పోతున్నవ్ అక్కా?" అని ఫోన్ల అడిగితే,

"పట్టాలెంట పోతున్న చెల్లె. రోడ్డు మీద పోలీసోళ్ళు ఆపుతున్నరు, కార్డు అడుగుతున్నరు. కాంట్రాక్టోడు నాకు కార్డెప్పుడిచ్చిండు? పట్టాల మీద ఎవ్వరు అడుగుతలేరు" అన్నది.

పది కిలోమీటర్లకు తక్కువ లేదు. నాలుగింటికి లేచి, కంకర మీద రబ్బరు చెప్పులతోటి. లేటయితే సగం రోజు కోత. మసూర్ స్టేషన్ల అడిగిన ప్రశ్ననే ఇప్పుడు వేరే తీరుగ అడిగిన్రు. అప్పుడు నీ కులమేంది, ఇప్పుడు నీ కార్డేది. రెండింటికీ సరైన జవాబు అక్క దగ్గర లేకపాయె.

మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టరు నుంచి పూలు చల్లిన్రు. డాక్టర్లు, నర్సులు, ఊడ్చేటోళ్ళు బయట నిలబడి చూసిన్రు. అక్క పనిచేసేది ఇంకో ఆసుపత్రి కాబట్టి ఆమె టీవీల చూసింది. "పూలు మంచిగనే ఉన్నయి, రేపు ఊడ్చేది కూడ మావోళ్ళేగా" అన్నది. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. పూలకు హెలికాప్టరు దొరికింది. ఆమెకు ఒక డబ్బా రైలు దొరకలే.

రైలు నడపడం సాధ్యం కాదా అంటే, అయితది. అంతకు రెండు రోజుల ముందే నడిచింది. మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంల మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. 24 డబ్బాలు, 1200 దాకా మనుషులు. డబ్బాకు 72 మంది పట్టేచోట 54 మందిని కూసోబెట్టిన్రు. వాళ్ళు సంగారెడ్డి దగ్గర కందిల ఐఐటీ భవనాలు కట్టే కూలీలు. ఏప్రిల్ 29న ఇంటికి పంపుమని, జీతాలియ్యమని రోడ్డెక్కి పోలీసులతోటి పెనుగులాడినంకనే ఆ రైలొచ్చింది. అంటే దూరం పాటిస్తూ రైలు నడిపే విద్య వచ్చు. ఎవరి కోసం, ఎప్పుడు అనేదే తేలవలసిన సంగతి.

వారం తిరిగేసరికి, మే 8న, ఔరంగాబాద్ జిల్లా కర్మాడ్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి పోయింది. జాల్నాల పనిచేసే మధ్యప్రదేశ్ వాళ్ళు. ఇంటికి పోయే రైలు భుసావల్‌ల దొరుకుతదని నడుస్తున్నరు. పట్టాల మీద చెదిరిన రొట్టెల ఫోటో మీరందరూ చూసే ఉంటరు. రైళ్ళు బందు కదా, పట్టాల మీద పండుకుంటే ఏమైతది అనుకున్నరు. బందైనవి మనుషులెక్కే రైళ్ళు. సరుకు రైళ్ళు నడుస్తనే ఉన్నయి.

పట్టాల మీద పండుకుంటే ఎవరేం చేస్తరని చాలామంది అన్నరు. సుప్రీంకోర్టుల కూడా ఆ తీరు మాటే వినబడింది. రిటైరయి ఇంట్ల ఉన్న మా నాయిన టీవీ ముందు చాలాసేపు మాట్లాడలే. ముప్పయి ఏండ్లు పట్టాల మీద బతికిన మనిషి. తర్వాత అన్నడు:

"పట్టా మీద తల పెడితే బండి రాకముందే తెలుస్తది బిడ్డా. ఇనుము గుయ్యిమంటది. ఎముకలకు తాకుతది. ఆళ్ళు లేవలేదంటే ఎంత అలిసిపోయిన్రో చూడు."

కోర్టుల్ల, పేపర్లల్ల, చదువుకున్నోళ్ళ మాటల్ల నేను విన్న ప్రశ్న ఒకటే: వాళ్ళక్కడ ఎందుకు పండుకున్నరు? నాయిన ఒక్కడే వేరే ప్రశ్న అడిగిండు: వాళ్ళెందుకు లేవలేకపోయిన్రు? మొదటి ప్రశ్న తప్పును వెతుకుతది. రెండోది మనిషిని వెతుకుతది. పట్టాలెంట నడిచే అక్క నాకు ఆ రాత్రంతా యాదికొచ్చింది. మర్నాడు ఫోన్ చేసి రోడ్డెంటనే పొమ్మన్న. "రోడ్డు మీద లాఠీ, ఇక్కడ బండి. బండన్నా కూత పెడ్తది" అన్నది.

ప్రాణం కన్నా రైలెక్కువా అని మా కాలనీల ఒక సారు నన్నడిగిండు. కాదు సారూ. రైలు ఆపుండ్రి. కానీ రైలు ఆపే అధికారం ఉన్నోళ్ళు, ఆ రైలు మీద ఆధారపడ్డ డ్యూటీని కూడ ఆపాలె, లేకుంటే ఇంకో దారి చూపాలె. రైలు ఆపి డ్యూటీ ఆపకుంటే, ఆ మధ్యల ఉన్న పది కిలోమీటర్లు ఎవరి నెత్తిన పడ్డయి? పని అత్యవసరమన్నరు. పనిచేసే మనిషి అత్యవసరమని అనలేదు. ఈ తేడా మాకు కొత్త కాదు. చచ్చిన గొడ్డును తీసుడు ఊరికి అత్యవసరం, తీసినోడు ఊర్లకొచ్చుడు అక్కరలేదు. ఊరు నడిచిన పద్ధతి అది. నగరం కూడ దాన్నే పట్టుకొచ్చింది.

ముంబైల ఇంకా వివరంగ జరిగింది. అక్కడ 2020 జూన్ 15 నుంచి లోకల్ రైళ్ళు అత్యవసర సిబ్బందికని నడిపిన్రు. ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్ళు ఆ జాబితాల లేరు. అక్టోబరు 21 నుంచి ఆడోళ్ళందరినీ ఎక్కనిచ్చిన్రు, పదకొండింటి నుంచి మూడింటి దాకా, మళ్ళీ ఏడు దాటినంక. పొద్దున ఏడింటికి బాసాన్లు తోమాల్సిన మనిషి పదకొండింటికి రైలెక్కి ఏం చెయ్యాలె? ఆ వేళలు పెట్టినోళ్ళ ఇంట్ల కూడ ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి గిన్నెలు తోముతనే ఉండాలె గద.

మన నగరం సంగతి చూడండి. మెట్రో 2020 సెప్టెంబరు 7న మళ్ళీ నడిచింది. ఎంఎంటీఎస్ 2021 జూన్ 23 దాకా నడవలేదు. నడుమ తొమ్మిది నెలలకు పైన. ఒకటి రైల్వే వాళ్ళది, ఇంకోటి వేరే కంపెనీది, ఎవరి నిర్ణయం వాళ్ళదంటరు. ఒప్పుకుంట. కానీ రోగానికి ఆ తేడా తెల్వదు కద. మెట్రో అద్దాలు మూసిన ఏసీ పెట్టె. ఎంఎంటీఎస్‌ల కిటికీలు, తలుపులు బార్లా తెరిచి ఉంటయి, గాలి ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు పోతది. గాలి లెక్కన చూస్తే ముందు నడవాల్సింది ఏది? మెట్రోల అప్పుడు కనీసం పది రూపాయలు, దూరాన్ని బట్టి అరవై దాకా ఉండేది. పైగా బోరబండకు మెట్రో లేదు. బస్సులొచ్చినంక కూడ పొద్దున ఆరింటికి చేరాలంటే అక్కకు షేరింగ్ ఆటోనే దిక్కయింది. ముగ్గురు పట్టే వెనక సీట్ల నలుగురు, డ్రైవరుకు రెండు దిక్కులా ఇద్దరు. రైలు ఆగితే గుంపు తగ్గలేదు, ఆటోలకు మారింది. జీతంల నాలుగో వంతు ఆ ఆటోకే పోయింది. చీటీ పాట ముందే ఎత్తుకొని ఆ ఏడాది గడిపింది.

మళ్ళీ మొదలైన నాడు ఎంఎంటీఎస్ బండ్లు పదే. కరోనాకు ముందు రోజుకు 120 దాకా తిరిగేవి. అక్క షిఫ్టుకు సరిపోయేది అందుల లేదు. కొన్ని నెలలకు బండ్లు పెరిగినయి గానీ, రోజూ ఆమెతోటి ఎక్కే ఆడోళ్ళల్ల సగం మంది కనబడలే. ఎవరు ఊరికి పోయిన్రో, ఎవరు పని మార్చుకున్నరో, ఎవరు పోయిన్రో ఆమెకు తెల్వదు. వాళ్ళ ముఖాలు తెలుసు, బిడ్డల సంగతులు తెలుసు, ఇల్లెక్కడో తెల్వదు. ఇల్లు తెల్వాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, రేపు మళ్ళీ అదే డబ్బాల కలుస్తరు కాబట్టి.

అమ్మ ఎక్కే ప్యాసింజరు సంగతి కూడ చెప్పాలె. ఆగిన ప్యాసింజర్లను తర్వాత స్పెషల్ అని, ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి నడిపిన్రు. అవే డబ్బాలు, అవే స్టేషన్లు. పది రూపాయల కనీస టికెట్టు ముప్పయి అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించిన్రు. ఆ లోపల సీతాఫలాల కాలాలు మూడో నాలుగో పోయినయి. అమ్మకు ఇప్పుడు గంప ఎత్తే ఓపిక లేదు. వాడ ఆడోళ్ళు నలుగురైదుగురు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకొని పోతున్నరు, గంపకింత అని కిరాయి. ఊరి ఆడోళ్ళు వాళ్ళ ట్రాలీ వాళ్ళు మాట్లాడుకుంటున్నరు.