గుడికొచ్చిన పరదేశితో



మనవడా, మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పబుద్ధి కాలేదు. రామప్ప గుడికి వచ్చే విదేశీయులతో మాట్లాడుతుంటే "వాళ్లతో నీకేం పని" అని మీ నాన్న కోప్పడ్డాడన్నావు. నీ దోస్తులేమో "వదలకు, ఇంగ్లీషు వస్తుంది, పరిచయాలు పనికొస్తాయి" అంటున్నారన్నావు.

పలకరించు బిడ్డా, తప్పకుండా పలకరించు. ఏ జర్మనీ నుంచో జపాన్ నుంచో హైదరాబాదులో దిగి, అక్కణ్ణుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డున పడి వచ్చినవాళ్లు, గుడి ఉన్న పాలంపేటలో ఒక్క మనిషితోనూ మాట్లాడకుండా రాళ్లు చూసి వెళ్లిపోతే అది మన ఊరికి మర్యాద కాదు. అయితే ఆ మాటల్లోంచి నీకేం కావాలన్నది ముందు నువ్వు తేల్చుకోవాలి.

"ఏ దేశం మీది?" అని నవ్వుతూ మొదలై, టీ దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఎవరో అన్న దుకాణంలో తేలిన మాటలు ఆ పరదేశి ఇప్పటికే ఎన్నో విని ఉంటాడు. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణానికి తీసుకెళ్లినవాడికి కమీషన్ ముడుతుందని మనకు తెలుసు. వచ్చిన పరదేశికి దుకాణంలో కూర్చున్నాక గానీ అర్థం కాదు. కమీషన్ తీసుకోవడమే పాపమని నేననను, ఆటో నడిపేవాడికీ ఇల్లు గడవాలి. స్నేహం పేరు చెప్పి తీసుకోవడం తప్పు. డబ్బుకు గుడి చూపించేవాడు ధర ముందే చెప్పాలి. ఊరికే మాట్లాడేవాడు ఆఖర్న చెయ్యి చాచకూడదు. ఈ రెండూ కలిపేస్తే, రేపు నిజంగా మంచి మనసుతో పలకరించినవాణ్ణి కూడా అతను నమ్మడు.

గుడి కట్టించిన సంగతి నీకు నోటికి వచ్చు: 1213, గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు. ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు దాన్ని. అంతకుముందు, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు సమస్తం ఆ తీరాన్నేలే రాజులు పట్టుకుపోయేవాళ్లు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవాళ్లకు ధనం ప్రాణం కంటే ఎక్కువ కదా అని తలచి, న్యాయంగా రావలసిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోబోమని రాతి మీద చెక్కించాడు. ఒక్కసారి ఆ ఒడ్డు ఊహించుకో. కొట్టుకొచ్చినవాడికి అక్కడ చుట్టం లేడు, భాష రాదు, మొర పెట్టుకునే చోటు తెలియదు. దోచుకోవడానికి అంతకంటే అనువైనవాడు దొరకడు. సరిగ్గా అలాంటివాడి సొత్తు మీదనుంచే రాజు తన చెయ్యి తీసేశాడు. నీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ శాసనంలోనే ఉంది.

ఆ తర్వాత మార్కోపోలో ఈ రాజ్యం గురించి రాస్తూ వజ్రాలనూ సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు, ఏలే రాణి న్యాయబుద్ధినీ మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవేనని చరిత్రకారులంటారు. వచ్చినవాళ్లు మన నడత కూడా చూసి పోతారు.

ఇక నువ్వడిగే ప్రశ్నల సంగతి. ఏ ఊరు, పెళ్లయిందా, పిల్లలెందరు అని ఆరా తీయడం మనలో ప్రేమే. మీ నాయనమ్మ బస్సులో పక్కనామెను ఇవన్నీ అడిగేది, దిగేలోపు ఇద్దరూ వరసలు కలిపేసుకునేవాళ్లు. కానీ ఒంటరిగా తిరుగుతున్న ఆడపిల్లను నీ ఈడు కుర్రాడు "ఒక్కరే వచ్చారా? ఎక్కడ దిగారు?" అంటే ఆమె గుండె గుభేలుమంటుంది. నీ మనసులో మచ్చ లేకపోవచ్చు, అది ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమె జాగ్రత్తపడితే నిన్ను అవమానించినట్టు అనుకోకు. గుడి గురించి మాట్లాడు, వాళ్ల ఊళ్లో వానల గురించి అడుగు. ముక్తసరిగా జవాబిచ్చి తల తిప్పుకుందంటే సెలవు తీసుకున్నట్టే. పక్కకు జరుగు, వెంట నడవకు. సెల్ఫీ అయినా అంతే. అడుగు, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకో. జుట్టు బంగారు రంగులో ఉందని పరాయి పసిబిడ్డ బుగ్గ గిల్లే హక్కు ఎవరికీ లేదు.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటుంది. తెల్లవాళ్లు కనిపిస్తే ఎగబడే మనవాళ్లే, హైదరాబాదులో చదువుకునే ఆఫ్రికా పిల్లలు ఎదురైతే దూరం జరిగి గుసగుసలాడతారు, పేర్లు పెడతారు. వాళ్లూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లే కదా! మన పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎవరైనా ఒక మంచి మాట అంటే బాగుండునని ఎదురుచూస్తున్నట్టే వాళ్లూ ఎదురుచూస్తుంటారు. వాళ్లు వస్తే ముందుగా నువ్వే వెళ్లి పలకరించు. నా కోసమైనా ఈ ఒక్కటి చెయ్యి.

గుడి గురించి చెప్పేటప్పుడు ఉన్నదే చెప్పు. నీళ్లలో తేలే ఇటుకల గురించి, ఇసుక నింపిన పునాది గురించి చెప్పు. చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల్లో మడమ ఎత్తు చెప్పులు తొడుక్కున్నామె ఉంది చూడు, ఆమె పాదాల దాకా వాళ్ల చూపు తీసుకెళ్లు. అక్కడితో ఆగు. ఎత్తు మడమల చెప్పులు ప్రపంచంలో మొదట వేసింది మనమేనని మాత్రం కలపకు. శిల్పి పేరు మీదే గుడికి రామప్ప అని పేరొచ్చిందన్నది జనం నోట వస్తున్న మాట, అలాగే చెప్పు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడికి కట్టుకథల ఆసరా అక్కర్లేదు.

ఎవరితోనైనా మనసు కలిసి ఇంటికి పిలవాలనిపిస్తే ఒక్కసారి పిలువు, రానంటే బలవంతపెట్టకు. రాత్రికి ఉండమనాలంటే మాత్రం నాన్నను అడక్కుండా మాటివ్వకు. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. హోటళ్లకే కాదు, ఇళ్లకూ ఈ నియమం ఉంది. మీ నాన్న భయం ఇలాంటి చిక్కుల గురించే అయ్యుంటుంది, కూర్చుని నిదానంగా మాట్లాడు. భోజనానికైతే ఏ కాగితమూ అక్కర్లేదు. అమ్మకు పొద్దున్నే చెప్పు, వాళ్ల కోసం కారం వేయకముందే కాస్త పప్పు వేరే తీసిపెడుతుంది.

మీ తాత