పరలోకమును గూర్చిన ప్రశ్న, ఇహలోకమందలి ఉత్తరము

చదువవలసిన భాగములు: లూకా 10:25–37, 1 కొరింథీ 15:1 – 16:4



మరణించిన తరువాత మనుష్యుడు ఏమగును? యోబు తన గ్రంథము 14వ అధ్యాయములో ఈ ప్రశ్ననే అడిగెను. నేటి కళాశాల విద్యార్థియు అడుగుచున్నాడు. అయితే అతడు మరియొక ప్రశ్నను దానికి చేర్చుచున్నాడు: “విజ్ఞానశాస్త్రము తేల్చజాలని సంగతిని గూర్చి తర్కించుట వలన ప్రయోజనమేమి? ఉన్న బ్రదుకును చక్కబెట్టుకొనిన చాలదా?” ఇట్లడుగు యౌవనస్థుని కొందరు పెద్దలు గద్దించి కూర్చుండబెట్టుదురు. అది న్యాయము కాదు. చూచిననే గాని నమ్మనని తోమా చెప్పినప్పుడు ప్రభువు అతనిని వెలివేయలేదు. ఎనిమిది దినములైన తరువాత అతడున్న చోటికే వచ్చెను.

శాస్త్రము చేసిన మేలును మొదట ఒప్పుకొందము. ఒకప్పుడు మన పల్లెలలో చలిజ్వరము వచ్చిన, గాలి సోకినదనియు దయ్యము పట్టినదనియు చెప్పుకొనెడివారు. 1897 ఆగస్టులో సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1967లో కేప్‌టౌను నగరమందలి వైద్యులు చనిపోయిన ఒకరి గుండెను మరియొకరి రొమ్మున అమర్చిరి. మరణపు గట్టును కొంత దూరము జరుపవచ్చునని దీనివలన తెలిసినది. అయితే ఆ గట్టుకు అవతల ఏమున్నదో, అసలు ఏమైనను ఉన్నదో లేదో, ఈ పనిముట్లతో చెప్ప శక్యము కాదు. శాస్త్రము “లేదు” అని ఋజువు చేసెననువాడును, “ఉన్నది” అని ఋజువు చేసెననువాడును శాస్త్రము పేరిట తన సొంత మాటనే చెప్పుచున్నాడు.

జ్వరముతో బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి దోమ సంగతి చెప్పవలసినదే. రెండవ బిడ్డకు దోమతెర కట్టవలెను గదా! అయినను పోయిన బిడ్డను గూర్చి ఆమె అడుగు ప్రశ్న దోమను గూర్చినది కాదు. దానిని పనికిమాలినదనుట తెలివియు కాదు, కనికరమును కాదు.

సందేహవాదులు వేయు ఒక నింద మాత్రము సూటిగా మనకే తగులుచున్నది. పరలోకమును నమ్ముకొనినవాడు ఇహలోకపు అన్యాయమును చూచి ఊరకుండునని వారందురు. ఆ మాట అనుటయే గాక, తన బ్రదుకులో చేసి చూపిన ఒకరు మన కాకినాడలోనే ఉపాధ్యాయులుగా నుండిరి. ‘గోరా’ అని పిలువబడిన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) పిఠాపురం రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిరి. నాస్తిక భావముల నిమిత్తము 1933లో ఆ ఉద్యోగము పోయెను. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారెను. ఆయన అస్పృశ్యతను ఎదిరించి సహపంక్తి భోజనములు నడిపిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టియు, అంటరానివారుగా ఎంచబడినవారిలోని యువకునికి తన పెద్ద కుమార్తెనిచ్చిరి. ఆ వివాహమును సేవాగ్రామములో జరిపించుటకు గాంధీగారు ఒప్పుకొనిరి. ఆయన మరణానంతరము 1948లో అది అక్కడనే జరిగెను.

గోరాగారి సిద్ధాంతమును మనము ఒప్పము. అయినను పరలోకము లేదన్న మనుష్యుడు అందరికిని ఒక పంక్తి వేసెను. తూర్పునుండియు పడమటినుండియు జనులు వచ్చి దేవుని రాజ్యమందు కూర్చుందురని నమ్మిన మనమో? ఒకే సంఘములో ఒక పేటవారు మరియొక పేటవారికి పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు. కొన్నిచోట్ల సమాధుల దొడ్డిలో సహా హద్దులు చూచుకొందురు. ఇట్టివారు పునరుత్థానమును గూర్చి ఎంత గట్టిగా వాదించినను వినువాడు ఎట్లు నమ్మును?

సువార్తలో ఈ ప్రశ్నను ఇద్దరు రెండు విధములుగా అడిగిరి. సద్దూకయ్యులు ఏడుగురు భర్తల కథ అల్లి, పునరుత్థానమును నవ్వులాట చేయజూచిరి. ధర్మశాస్త్రోపదేశకుడు తనకే నిత్యజీవము ఎట్లు కలుగునని అడిగెను. అతనికి ప్రభువు పరలోకపు పటము గీసి చూపలేదు. యెరికో త్రోవలో కొన ఊపిరితో పడియున్న ఒకనిని చూపెను. పౌలును అంతే. 1 కొరింథీ 15వ అధ్యాయమంతయు మృతుల పునరుత్థానమును గూర్చి వ్రాసి, వెంటనే 16వ అధ్యాయపు మొదటి మాటలలో చందా సంగతి ఎత్తెను. అధ్యాయముల విభజన తరువాతివారు చేసినది. పౌలు పత్రికలో ఆ రెంటి నడుమ గోడ లేదు.

మరి నమ్మనివారును మేలు చేయుచుండగా ఈ నిరీక్షణ ఎందుకు? ఇందుకే: ఎంత మంచి ప్రభుత్వము వచ్చినను, నిన్న ఆకలితో చనిపోయినవానికి అది అన్నము పెట్టజాలదు. న్యాయము దొరకకయే కన్నుమూసిన వెట్టివాని లెక్క అంతటితో మూయబడెనా? వానికి ఇక ఎవరును బాకీలేరా? బ్రదికియున్నవారికి మనము చేయవలసినది మనచేతిలో నున్నది. మృతులకు జరుగవలసిన న్యాయము మన చేతిలో లేదు. అది దేవుని చేతిలో నున్నదని మనము నమ్ముచున్నాము. ఋజువు చేసి కాదు, క్రీస్తును బట్టి. కావున ఆ ప్రశ్న వ్యర్థము కాదు. దానిని అడుగుట మానినచో చనిపోయినవారిని విడిచినవారమగుదుము. దానినే అడుగుచు కూర్చుండినచో బ్రదికినవారిని విడిచినవారమగుదుము.

ఈ నెలలో సందేహించు యౌవనస్థుడెవడైనను మీ యొద్దకు వచ్చినయెడల, వాని నోరు మూయింపకుడి. మీ యింటి పంక్తిలో వానిని కూర్చుండబెట్టుడి. ఆ పంక్తిలో ఇంకను ఎవరికి చోటు లేదో, ముందుగా మీరే చూచుకొనుడి.