బీడీ మానడానికి ముహూర్తం కావాలా?

సందేహం: మాది అగళి. పట్టుపురుగులు మేపుతాము. కుర్రతనం నుంచి బీడీలు తాగుతున్నాను, నాకు యాభై ఏళ్ళు దాటాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హేమావతి సిద్ధేశ్వరస్వామి ఎదుట ప్రమాణం చేసి మానెయ్యమని ఇంట్లో అంటున్నారు. ఇదివరకొకసారి మొక్కుకొని తప్పాను. మళ్ళీ తప్పితే దోషమా? మానడానికి మంచి ముహూర్తం చెప్పగలరు. ధూమపానం చరకుడే చెప్పాడని మా ఊళ్ళో ఒకాయన అంటాడు, నిజమేనా?

సమాధానం: చరకుడి సంగతి ముందు తేల్చేద్దాం. చరకసంహిత సూత్రస్థానంలో ధూమపానం ఉన్న మాట నిజమే. అది మూలికలు నూరి చేసిన వర్తి, వేళ చూసి చేసే చికిత్స. అందులో పొగాకు లేదు, ఉండే వీలూ లేదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్క పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. 1617లో జహంగీరు దాన్ని నిషేధించాడు కూడా. బీడీకట్టకు చరకుణ్ణి సాక్ష్యం పిలవకండి.

ఇక ముహూర్తం. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. పంచాంగం పెళ్ళికి చూడండి, గృహప్రవేశానికి చూడండి. చెడ్డపని మానడానికి తిథీ నక్షత్రమూ అడగడమంటే, అంతదాకా ఆ పని చేసుకుంటానని అనుమతి అడగడమే. అమావాస్య పోనీ, మూఢం పోనీ అంటూ ఏళ్ళు గడిపేసినవాళ్ళను ఎందరినో చూశాను.

అయితే రోజు నిర్ణయించుకోవడం అవసరమే. సంకల్పంలో దేశకాలాలు చెప్పనిదే ఏ వ్రతమూ మొదలుకాదు. మీ రోజు మీ పనిలోనే ఉంది. నాలుగో జ్వరం లేచాక, అంటే నాలుగోసారి కుబుసం విడిచాక, పురుగు రాత్రనక పగలనక ఆకు తింటుంది, మీకు నిద్ర ఉండదు. అప్పుడొద్దు. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టులో అమ్మేసి, పురుగులు గూళ్ళు అల్లిన చంద్రికలు ఎండబెట్టి, షెడ్డు కడిగి మందు కొడతారు చూడండి, ఆ రోజు మొదలుపెట్టండి. జేబులో కట్ట, గూట్లో దాచిన కట్ట, అగ్గిపెట్టె అన్నీ ఆ చెత్తతోనే పోవాలి. ఈ పంట దాటనివ్వకండి.

మరొక మాట అడుగుతాను. పొగాకు చేను పక్కనున్న మల్బరీ ఆకు పురుగుకు వేస్తారా? వెయ్యరు, పురుగు చస్తుందని తెలుసు. షెడ్డులో ఎవరైనా బీడీ ముట్టిస్తే ఊరుకుంటారా? మరి ఇంట్లో భార్యాపిల్లలు పీల్చే గాలి సంగతేమిటి? ఒకరు తాగిన పొగ పక్కవారి గుండెకూ ఊపిరితిత్తులకూ చేటు చేస్తుంది. మీరు అడగవలసిన దోషం ఇది. అహింస అంటే కోడిని కొయ్యకపోవడం ఒక్కటే కాదు.

ప్రమాణం తప్పారని స్వామి పగబట్టడు. దేవుణ్ణి జామీనుదారుగా పెట్టి, ఆ తరువాత ఆయనకే భయపడటం మనవాళ్ళకు అలవాటైపోయింది. మనుస్మృతి పదకొండో అధ్యాయం పాపం పోవడానికి చెప్పిన మార్గాల్లో మొదటిది, చేసిన తప్పు నలుగురికీ చెప్పుకోవడం. ఆ పైన పశ్చాత్తాపం, మళ్ళీ చెయ్యననే నిశ్చయం. కాబట్టి ముందు మీ ఇంటావిడకు, టీకొట్టు దగ్గర బీడీ ఇచ్చే స్నేహితులకు ఫలానా రోజు మానేస్తున్నానని చెప్పండి. హేమావతికి వెళ్ళి దణ్ణం పెట్టుకోండి, బేరం మాత్రం పెట్టకండి. నడుమ ఒకటి కాలిస్తే మర్నాడే మళ్ళీ మొదలుపెట్టండి. ఒక ఏకాదశి తప్పినవాడు వచ్చే ఏకాదశి ఉపవాసం మానుకోడు గదా.

మొదటి మూడు రోజులూ కష్టం. చిరాకు, నిద్రపట్టకపోవడం ఉంటాయి, కొన్ని వారాల్లో తగ్గుతాయి. బీడీ మీదికి మనసు లాగినా కొద్ది నిమిషాలే, అప్పుడు లేచి అటూఇటూ నడవండి. టీతో బీడీ అలవాటైతే కొన్నాళ్ళు మజ్జిగ తాగండి. బదులుగా వక్కాకులో పొగాకు వేసుకుంటే మానినట్టు కాదు. నికోటిన్ చూయింగ్ గమ్ డాక్టరు చెబితే వాడవచ్చు, అందులో దోషం లేదు. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

ఫలం పరలోకందాకా ఆగదు. ఇరవై నిమిషాల్లో నాడి వేగం తగ్గుతుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, కాల్చేవారితో పోలిస్తే, సగానికి దిగుతుంది. పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయే ముప్పూ సగమవుతుంది.

ఆయాసం అన్నారు. దానికి మాత్రం పంట అయ్యేదాకా ఆగవద్దు. ఈ వారమే మడకశిర వెళ్ళి డాక్టరుకు చూపించుకోండి.