ఋషి ఋణం: మా తాతమ్మ పేరు, విల్నా కాగితాలు

 

ముందు నా సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట మహాలయ పక్షాల్లో తర్పణానికి కూర్చున్నాను. నువ్వులు, దర్భలు, నీళ్ళ చెంబు అన్నీ సిద్ధం. పంతులుగారు వరసగా పేర్లు అడుగుతున్నారు. నాన్నగారి పేరు, గోత్రం చెప్పాను. తాతగారి పేరు చెప్పాను. ముత్తాతగారి పేరు నాన్నగారు ఎప్పుడో డైరీలో రాసిపెట్టారు కాబట్టి అదీ చెప్పాను. ఇక ఆడవాళ్ళ వరస. నానమ్మ పేరు చెప్పాను. "ఆవిడ అత్తగారు, మీ తాతమ్మగారు?" అన్నారాయన. నోట మాట రాలేదు. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. ఫోన్ తీసి విజయవాడలో ఉన్న మా పెద్దత్తకి చేశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏమోరా, అందరూ పెద్దమ్మగారూ అనే పిలిచేవాళ్ళు. పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు" అంది.

చూడండి, విష్ణు సహస్రనామం మీద వరసగా వీడియోలు చేసినవాణ్ణి నేను. స్వామివి వెయ్యి పేర్లు నోటికి వచ్చు. మా తాతమ్మది ఒక్క పేరు రాదు.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని మనవాళ్ళు చెబుతారు కదా. దేవ ఋణం యజ్ఞంతో తీరుతుంది, పితృ ఋణం సంతానంతో తీరుతుంది, ఋషి ఋణం అధ్యయనంతో తీరుతుంది. అధ్యయనం అనగానే వేదపాఠశాల, పిలక, వల్లెవేయడం గుర్తొస్తాయి. మనకి సంబంధం లేని విషయంలే అనుకుని వదిలేస్తాం. కానీ మనదాకా ఏది వచ్చిందో దాన్ని అడిగి తెలుసుకుని, చెడకుండా తర్వాతివాళ్ళకి అందించడం కూడా ఆ అధ్యయనంలో భాగమే. దీనికి ఇవాళ ఉదాహరణ మన పురాణాల్లోంచి తీసుకోవడం లేదు. యూదుల దగ్గర్నుంచి తీసుకుంటున్నాను. అదేంటండీ, మన ఛానల్లో యూదులేంటి అనుకోకుండా కాస్త వినండి.

విల్నా అని ఒక ఊరు. ఇప్పుడు విల్నియస్ అంటున్నారు, లిథువేనియా రాజధాని. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అది పోలండ్‌లో ఉండేది. పండితులు, గ్రంథాలయాలు, ముద్రణాలయాలు ఎక్కువగా ఉండటంతో యూదులు దాన్ని లిథువేనియా జెరూసలేం అని పిలుచుకునేవారు. మనం దక్షిణ కాశీ అనుకుంటామే, అలాగన్నమాట. అక్కడ 1925లో యీవో అనే పరిశోధన సంస్థ పుట్టింది. దాని ప్రధాన సారథి మాక్స్ వైన్‌రైక్ అనే భాషా పండితుడు. వాళ్ళు పరిశోధించింది ఏదో గొప్ప రాజవంశాన్ని కాదండీ. తమ ఇళ్ళనే. వంటింట్లో, సంతలో మాట్లాడే యిడ్డిష్ భాషని. అప్పట్లో చదువుకున్న యూదుల్లోనే చాలామంది దాన్ని అదొక యాస, అదీ ఒక భాషేనా అని తీసిపారేసేవారు. మన పల్లె తెలుగు వింటే మన సిటీ పిల్లలు నవ్వుతారు చూడండి, ఆ చూపే.

ఈ సంస్థ చేసిన పని గమ్మత్తైనది. ఊరూరా మామూలు మనుషుల్ని సేకర్తలుగా పెట్టుకుంది. జీతాల్లేవు. సామెతలు, పాటలు, నమ్మకాలు, స్కూలు నోటుబుక్కులు, నాటకాల పోస్టర్లు, ఏది దొరికితే అది ఏరి విల్నాకి పంపేవారు. ఇవి కాక 1932లో, 1934లో, 1939లో పదహారు నుంచి ఇరవై రెండేళ్ళ వయసు వాళ్ళకి ఆత్మకథల పోటీ పెట్టారు. సాహిత్యం అక్కర్లేదు, మీ జీవితం ఉన్నదున్నట్టు రాయండి, సొంత పేరు చెప్పడం ఇష్టం లేకపోతే మారుపేరు పెట్టుకోండి అన్నారు. యిడ్డిష్‌లో రాసినవాళ్ళు ఉన్నారు, పోలిష్‌లో, హీబ్రూలో రాసినవాళ్ళూ ఉన్నారు. మొత్తం ఆరు వందలకు పైగా వచ్చాయి.

ఏం రాశారు? ఇంట్లో పేదరికం. చదువు మధ్యలో ఆగిపోవడం. నాన్న ప్రార్థనకి రమ్మంటే వెళ్ళనని గొడవ. దేవుడు ఉన్నాడో లేడో తెలియక పడ్డ బాధ. రాజకీయాలు. ప్రేమలు. ఇవాళ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్ గదిలో కూర్చుని మీరు నాకు రాసే మెయిళ్ళలో కూడా దాదాపు ఇవే ఉంటాయి. పరిశోధకులు ఆ గొడవల్ని కొట్టేయలేదు. దేవుణ్ణి నమ్మని కుర్రవాడు మనవాడే కాదు పొమ్మనలేదు. అతను రాసిందీ తమ సంఘపు కథేనని దాచారు. నాకు ఇక్కడ కొంచెం సిగ్గేసింది. గుడికి రాని పిల్లల గురించి మనం మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మూడో పోటీ ఫలితాలు ప్రకటించాల్సిన రోజు 1939 సెప్టెంబర్ 1. సరిగ్గా ఆ రోజే జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. వైన్‌రైక్ అప్పుడు దేశంలో లేరు, ఒక సదస్సు కోసం బయల్దేరి ఉన్నారు. తర్వాత న్యూయార్క్ చేరి సంస్థని అక్కడ నిలబెట్టారు. కాగితాలు మాత్రం విల్నాలోనే ఉండిపోయాయి.

1941లో నాజీలు విల్నాలోకి వచ్చారు. యూదుల్ని గెట్టోలో కుక్కారు. ఊరి బయట పొనారి అడవిలో వేలకి వేల మందిని కాల్చి చంపారు. ఇదంతా జరుగుతుండగానే ఇంకో పని కూడా పెట్టుకున్నారు. యూదుల పుస్తకాలు, రాతప్రతులు ఏరించి ఫ్రాంక్‌ఫర్ట్‌కి పంపడం. అక్కడ యూదుల గురించి అధ్యయనం చేయడానికని ఒక సంస్థని నడుపుతున్నారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనుషుల్ని చంపేసి వాళ్ళ పుస్తకాలని అధ్యయనం చేస్తారట! దాన్నీ పరిశోధన అనే అన్నారు. పేరు ఒకటే కావచ్చు. ప్రేమతో అడిగేవాడూ ఉంటాడు, చంపి దాచేవాడూ ఉంటాడు.

ఆ ఏరే పనికి గెట్టోలోంచే నలభై మంది దాకా తెచ్చారు. కవులు, పండితులు, లైబ్రేరియన్లు. ఏరగా మిగిలినదంతా కాగితం మిల్లుకి పోవాలి. వీళ్ళు ఏం చేశారంటే, రోజూ సాయంత్రం కొన్ని కాగితాలు బట్టల కింద కట్టుకుని గెట్టోకి మోసుకెళ్ళారు. గేటు దగ్గర సోదా ఉండేది. దొరికితే దెబ్బలు, ప్రాణం కూడా పోవచ్చు. తిండి దొరకని రోజులవి. అందరూ ఆ గేటులోంచి రొట్టెముక్క దాచుకొస్తుంటే వీళ్ళు ఉత్తరాలు, రాతప్రతులు దాచుకొచ్చారు. గోడల్లో, నేలమాళిగల్లో పాతిపెట్టారు. అబ్రహాం సుట్స్‌కేవర్, ష్మెర్కె కచెర్గిన్‌స్కీ అనే ఇద్దరు కవులు అడవిలోకి తప్పించుకుపోయి బతికారు. 1944లో ఊరికి విముక్తి వచ్చాక తిరిగొచ్చి తవ్వి తీశారు. ఆ బృందంలో చాలామంది తిరిగిరాలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌కి పోయినవి అమెరికా సైన్యానికి దొరికి 1947లో న్యూయార్క్ చేరాయి. పిల్లల ఆత్మకథలు సగం దాకా అలా మిగిలాయి. విల్నాలో మిగిలినవాటికి సోవియట్ కాలంలో మళ్ళీ గండం వచ్చింది. అప్పుడు అంటానాస్ ఉల్పిస్ అనే లిథువేనియన్ లైబ్రేరియన్ వాటిని ఒక పాత చర్చిలో, వేరే కాగితాల మధ్య దాచి కాపాడాడు. ఆయన యూదుడు కాదు. 2017లో అలా దాగినవి ఇంకో లక్షా డెబ్బై వేల పేజీలు బయటపడ్డాయని ప్రకటించారు. వాటిలో ఒక ఐదో తరగతి అమ్మాయి రాసుకున్న తన కథ కూడా ఉంది.

ఈ కథ నేను మొదట చదివినప్పుడు ఆ పేపర్ల కోసం ప్రాణం పెట్టాలా అనిపించింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నాకు జవాబు తెలీదు. వాళ్ళ బాధ్యత వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు మన గడప దగ్గరికి వస్తాను. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు తాము యూదులమని, ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. వాళ్ళకి ఒక ప్రార్థన మందిరం ఉంది. మాదిగ సామాజిక వర్గం నుంచి, క్రైస్తవంలోంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వీళ్ళు అసలు యూదులా, కాదా అని తీర్పు చెప్పడానికి వాళ్ళు కూర్చోలేదు. ఈ కుటుంబాలు తమ కథని ఎలా చెప్పుకుంటున్నాయో, ఆ కథలో కులం పెట్టిన బాధకి ఎంత చోటుందో విన్నారు. ఆ ఊరి గురించి చెబితే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "నిజమేనా అండీ?" అని. నేనూ అదే అడిగాను. తరతరాలుగా ఊరి చివర ఉంచిన మనుషుల తాతమ్మల పేర్లు మనం ఏ రోజైనా అడిగి రాసుకున్నామా? ముందు ఆ ప్రశ్నకి జవాబు చెప్పి, తర్వాత వాళ్ళ నిజం సంగతి అడగొచ్చు. ఋషి ఋణం మన ఇంటి గోడ దగ్గర ఆగిపోదు కదా.

చాలామంది అడుగుతున్నారు, ఈ అధ్యయనం ఎక్కడ మొదలుపెట్టాలి అని. పెద్ద పని ఏమీ లేదండీ. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. నోములు, వ్రతాల సంగతి తర్వాత అడగొచ్చు. ముందు ఆవిడ చిన్నప్పుడు ఎవరితో పోట్లాడిందో అడగండి. బడి ఎందుకు మానేసిందో అడగండి. దేవుడి మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా అని అడగండి. ఆవిడ చెప్పింది మీకు నచ్చినా నచ్చకపోయినా మార్చకుండా ఉంచండి. ఇంట్లో పని చేసే ఆవిడ దగ్గరా అలాగే కూర్చోవచ్చు, ఆవిడకి ఇష్టమైతేనే.

మా తాతమ్మ సంగతి. తర్వాత రెండేళ్ళకి పాత పెట్టెలో ఒక పొలం దస్తావేజు దొరికింది. చివర్న నీలం సిరాలో వేలిముద్ర, పక్కన ఎవరో గుమాస్తా రాసిన ఆవిడ పేరు. పెద్దత్తకి ఫోన్ చేసి చెబితే, "అవునా, అంత మంచి పేరా" అంది. ఆ ఏడు మహాలయానికి పంతులుగారు అడక్కముందే చెప్పాను. ఆవిడ గురించి ఇంకేమీ తెలీదు. ఆ వేలిముద్ర ఒక్కటే.