నిచ్చెన మీద వేదసాక్షి



మన విచారణలలో ఒక కుర్రవాడు గురువిద్యాలయానికి వెళ్తానంటే ఇల్లంతా పండుగే. అదే బిడ్డ "నేను గురువును కాను, మఠంలో బ్రదరుగానే ఉండిపోతాను" అంటే మాత్రం, "పూజ చేయనప్పుడు ఇక అంత దూరం వెళ్లడమెందుకురా?" అని పెద్దలు చిన్నబోతారు. అలా చిన్నబోయే తలిదండ్రులు ధన్యజీవి జేమ్స్ మిల్లర్ కథ వినాలి.

జేమ్స్ 1944 సెప్టెంబరు 21న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పునీత జాన్ బాప్తిస్త్ ద లసాల్ స్థాపించిన సభలో చేరారు. పిల్లలకు చదువు చెప్పడమే ఆ సభ వారి సేవ. వారిలో గురువులుండరు, అందరూ బ్రదర్లే. జేమ్స్ తరగతిలో పాఠం చెప్పేవారు. బడిలో ఏది చెడిపోయినా తానే బాగుచేసేవారు. అందుకే తోటివారు ఆయనను సరదాగా "బాగుచేసే బ్రదర్" అనేవారు.

1969 నుండి పదేళ్లు నికరాగువా దేశంలో సేవ చేశారు. 1979లో అక్కడ విప్లవం రాగా సభ పెద్దలు ఆయనను వెనుకకు పిలిపించారు. కాని ఆయన మనసు ఆ పేదపిల్లల దగ్గరే ఉండిపోయింది. 1981 జనవరిలో గ్వాటెమాలా దేశంలోని వేవేటెనాంగో పట్టణానికి వెళ్లారు. 1960 నుండి 1996 వరకు ఆ దేశంలో అంతర్యుద్ధం సాగింది. రెండు లక్షల మందికి పైగా బలైపోయారు. వారిలో అత్యధికులు మాయా ఆదివాసులు. ఆ మాయా బిడ్డల వసతిగృహంలోనే జేమ్స్ సేవ చేస్తూ, వారికి వ్యవసాయం కూడా నేర్పేవారు.

సైన్యం యువకులను బలవంతంగా పట్టుకుపోయే రోజులవి. చట్టం విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది గాని, దానిని ఎవరు లెక్కచేశారు? ఒక విద్యార్థిని పట్టుకుపోగా, విడిచిపెట్టమని బ్రదర్లు అధికారులను అడిగారు. అలా అడగడం ఎంత ప్రమాదమో వారికి తెలియనిది కాదు.

1982 ఫిబ్రవరి 13, శనివారం. జేమ్స్ నిచ్చెన ఎక్కి వసతిగృహం గోడ బాగుచేస్తున్నారు. ముసుగులు ధరించిన దుండగులు వచ్చి కాల్చారు. అక్కడికక్కడే ప్రాణం విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 37 ఏళ్లు. హంతకులకు శిక్ష పడలేదు. తిరుసభ 2019 డిసెంబరు 7న వేవేటెనాంగోలోనే ఆయనను ధన్యజీవిగా ప్రకటించింది.

ప్రియులారా, తోడేలును చూచి పారిపోయే కూలివానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. జేమ్స్ పారిపోలేదు. ఆయన చనిపోయిన చోటు పూజాపీఠం కాదు, పిల్లలు తలదాచుకునే ఇంటి గోడ. దేవుని దృష్టిలో ఆ గోడ పని కూడా బలియే.

మన వీధిలో బడి మానిపించి పనికి పంపిన బిడ్డ ఉన్నాడా? ఆ బిడ్డ కోసం మనం ఎవరి గడపైనా తొక్కామా? "మనకెందుకులే" అని తలుపు వేసుకున్నామా? ఆదివారం పూజకు వెళ్లే ముందు ఈ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కలిసి జవాబు చెప్పుకుందాం. మన ఇంటి బిడ్డ బ్రదర్ అవుతానంటే, అడ్డు చెప్పక ఆశీర్వదించి పంపుదాం.

ధన్యజీవి జేమ్స్, మా పిల్లల కొరకు ప్రార్థించండి. ఆమెన్.